గంభీర స్త్రీ స్వరం – రెండు

జనవరి 18

ఒరేయ్ తమ్ముడూ,

నీ పార్సిల్ అందింది. అట్టపెట్టెలో అట్టపెట్టె, దాన్లో ఇంకో అట్టపెట్టె, అన్నిటి అడుగున అరచెయ్యంత పలక. మీ కంపెనీ అసలు వ్యాపారం అట్టలదేమోనని అనుమానం వచ్చింది.

మంచిమాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత దానికి తీరిక దొరక్కపోవచ్చు. ఆపరేషన్లో గొంతు తీసేసిన దగ్గర్నుంచీ కాగితం ముక్కల మీద రాసి చూపిస్తూ బతుకుతున్నానా, మొన్న వంటింట్లో కూర్చుని నీ యంత్రంలో "ఎవరది?" అని టైపు కొట్టాను. నా గొంతు! అచ్చంగా నాదే, చివర్లో కాస్త గీరుకోవడంతో సహా. గుమ్మంలో ఉన్న పాలవాడు "నేనేనండీ, నేనే" అంటూ మెట్టు దిగిపోయాడు. నా పాత వాదనలూ, లా కాలేజీలో చెప్పిన పాఠాలూ రికార్డులు పోగేసి నా గొంతును మళ్ళీ తయారుచేయించావు. ఆ ఒక్క పనికీ నిన్నొక వారం పాటు తిట్టకూడదనుకున్నాను.

వారం గడవలేదు.

నా దగ్గరొక కేసుంది. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో చొక్కాలకి బొత్తాలు కుట్టే మనిషి. బొత్తాలావిడ అందాం. అక్కడి సూపర్‌వైజరు ఆమెను నలుగురిలో అనరాని మాటలన్నాడు. ఆమె ఎదురు తిరిగితే కిటికీ లేని గోదాములోకి మార్చి, మూటలు కట్టిస్తున్నారు. వచ్చే వాయిదాలో వాణ్ణి బోనులో నిలబెట్టి, "ఈ మాటలు అన్నావా లేదా?" అని ఒక్కొక్కటీ వాడి మొహాన చదవాలి. సాధన చేద్దామని మొదటి మాట కొట్టాను. యంత్రం ఏమందో తెలుసా? నా గొంతుతోనే, నాకే: "దయచేసి మర్యాదగా మాట్లాడండి."

మన అమ్మ కూడా నాతో ఈ మాట అనడానికి రెండుసార్లు ఆలోచించేది.

ఇదెలా తీసెయ్యాలో రాయి. ఫోను చేసి చెబుతాననకు. నేను టైపు చేసేలోగా నువ్వు "హలో, హలో" అని పెట్టేస్తావు. ఉత్తరమే నయం, మధ్యలో నన్ను ఆపేవాడు ఉండడు.

నీ అక్క


జనవరి 27

అక్కా,

నీ ఉత్తరం చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. నీ గొంతు నీకు తిరిగి వచ్చిందంటే నాకింకేం కావాలి? నీ మరదలు ఊలు మేజోళ్ళు పంపుతోంది, వేసుకో. మెడకు చలిగాలి తగలనివ్వద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. మేజోళ్ళకీ మెడకీ ఏం సంబంధమని అడక్కు, అది నాకూ తెలీదు.

నువ్వు చెప్పినదాన్ని మేం మర్యాద జల్లెడ అంటాం. యంత్రాన్ని పిల్లలూ, పెద్దలూ, ఆస్పత్రులూ వాడతారు కదా. ఏ యంత్రమైనా నలుగురిలో బూతు పలికితే కంపెనీకి చెడ్డపేరు. అందుకే అది లోపలే బిగించి ఉంటుంది, వాడేవాళ్ళు తీసే వీలు లేదు. అయితే "వృత్తి నిపుణుల శ్రేణి" అని ఒకటుంది. దాన్లో డాక్టర్లకి శరీర భాగాల పేర్లు పలికే సౌకర్యం ఇచ్చాం. లాయర్ల సంగతి ఇంకా ఆలోచించలేదు, పైవాళ్ళకి సూచన పంపుతాను. అసలు దానికి ఏడాదికింత అని కట్టాలి. నువ్వు పైసా కట్టక్కర్లేదు, ఉచితంగా ఇప్పిస్తాను. నాకా మాత్రం పలుకుబడి ఉందిలే.

ఈలోగా ఆ మాటలు కాగితం మీద రాసి ఇచ్చెయ్యకూడదూ? ఎంత చదువుకున్న కోర్టు! అర్థం చేసుకోరా?

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు


ఫిబ్రవరి 9

ఒరేయ్ పలుకుబడిగలవాడా,

నీ సలహా పాటించాను. ఫలితం విను.

మా కోర్టు హాలు నీకు గుర్తుండే ఉంటుంది, తలుపు తీస్తే చాలు కీచుమంటుంది, పంకా తిరిగితే కాగితాలు ఎగురుతాయి. సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కాలో బోనెక్కాడు. అవతలి పక్షం తేనెగొంతు ప్లీడరు. పేరుకు తగ్గట్టు మెత్తగా మాట్లాడి మనుషుల్ని ముంచుతాడు. నేను లేచి, పేరూ ఉద్యోగమూ అన్నీ అడిగాను. యంత్రం చక్కగా పలికింది. ఇక అసలు ప్రశ్న. ఆ మాటని ముక్కలుగా విడగొట్టి, మధ్యలో ఖాళీలు పెట్టి, మీ జల్లెడ కళ్ళు గప్పుదామని కొట్టాను. నా గొంతు హాలంతా వినబడేలా అంది: "దయచేసి మర్యాదగా మాట్లాడండి."

హాలంతా ఘొల్లుమంది. తేనెగొంతు ప్లీడరు లేచి నిలబడి, "యంత్రం తన యజమానురాలికి చెప్పిన సలహాతో మేం పూర్తిగా ఏకీభవిస్తున్నాం" అన్నాడు. జడ్జిగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

సరే, కాగితం ఇచ్చాను. వాడు దాన్ని పట్టుకుని, వార్తాపత్రిక చూసినట్టు పెదవి కదపకుండా చూసుకుని, "నాకు గుర్తు లేదండీ" అని మడిచి ఇచ్చేశాడు. నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వినబడాలిరా! కాగితం మీద అది వాడికి కుట్టదు. గదిలో మోగితేనే కుడుతుంది. వెనక బల్ల మీద బొత్తాలావిడ తలొంచుకుని కూర్చుంది. ఆమె తరపున తిట్టు చదవడానిక్కూడా నాకు మీ కంపెనీ అనుమతి కావాలని ఆమెకి ఏ భాషలో చెప్పను?

బయట వరండాలో మా పాత శిష్యురాలు కనబడింది. ఇప్పుడు కాలేజీలో కంప్యూటర్ల లెక్చరరు. జరిగింది చెబితే యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి, "మేడం, ఇది మీ చేతిలో ఉంది గానీ మీది కాదు. దీని లోపల ఏముందో చూడనివ్వరు, మార్చనివ్వరు, ఇంకొకరికి ఇవ్వనివ్వరు. మీరు కొట్టే ప్రతి వాక్యమూ ముందు కంపెనీకి పోయి, అక్కణ్ణుంచి గొంతై తిరిగొస్తుంది" అంది. అంటే నేను నా కక్షిదారు చెవిలో చెప్పే రహస్యం ముందు మీ కంపెనీ చెవిలో పడుతోందన్నమాట! నువ్వు లాయరు అక్కకి ఎంత చక్కని బహుమతి తెచ్చావురా.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని ఇంకో రకం ఉందట. దాని లోగుట్టంతా బయటపెట్టి ఉంచుతారట. ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట కావడంతో, ఆ దేశాల్లో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదట, పాపం. మనకి రెండు మాటలున్నాయి కదా, నీకేం అడ్డం?

నాకు నీ ఉచితం వద్దు. జల్లెడ తియ్యి. లేదా తీసుకునేలా నాకు లోపల చూపించు.

అక్క

తా.క. మేజోళ్ళు అందాయి. బాగున్నాయి. మరదలికి చెప్పు.


ఫిబ్రవరి 20

అక్కా,

నువ్వు కోపంలో రాశావని తెలుసు గనక నేను కోపం తెచ్చుకోవడం లేదు.

ఆ లెక్చరర్లాంటి వాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. గెడ్డాలు పెంచుకుని, జోలెలు తగిలించుకుని తిరుగుతారు. (ఆవిడకి గెడ్డం లేదనుకో.) ప్రపంచంలో అందరూ అన్నీ పంచుకోవాలంటారు. మా ఆఫీసులో వందలమంది ఏళ్ళ తరబడి చేసిన పని లోపలంతా చూపించెయ్యాలా? నువ్వు వాదించేముందు నీ వాదనలు అవతలి ప్లీడరుకి చూపిస్తావా?

పైగా, లోపల ఏముందో అందరూ చూస్తే నీ గొంతుకి భద్రత ఏది? రేపెవరో నీ గొంతు దొంగిలించి ఏ చెడ్డపనికో వాడితే? తాళం ఎందుకు వేస్తాం? నీ కోసమే. నీ గొంతు మా దగ్గర ఇనప్పెట్టెలో పెట్టినంత భద్రంగా ఉంది.

నీ మనసు నాకర్థమైంది, ఏడాదికోసారి నన్ను అడగడం నీకు నామోషీ. అందుకే మా డైరెక్టరుతో మాట్లాడి, జీవితాంతం ఉచితంగా ఉండే ఏర్పాటు చేశాను. ఇలాంటిది మా కంపెనీలో ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. దీనితో పాటు వచ్చే కాగితం మీద సంతకం చేసి పంపు, చాలు. ఈసారైనా కాదనకు. డైరెక్టరు దగ్గర నా మొహం చెల్లాలి కదా.

తమ్ముడు


మార్చి 6

తమ్ముడూ,

నా గొంతు ఇనప్పెట్టెలో ఉందన్నావు. ఆ ఇనప్పెట్టె ఎక్కడుందో నాకు తెలిసింది.

మొన్న బొత్తాలావిడ నా ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, "నా కాగితాలు ఇచ్చెయ్యండి మేడం" అంది. "ఏమైంది?" అని కొట్టాను. నా గొంతు విని ఆమె ఎలా జడుసుకుందో చెప్పలేను, పాము బుస విన్నట్టు. "అదే, అదే గొంతు" అంది. "మీరు అక్కడ కూడా మాట్లాడుతున్నారు కదా. మాకు వినబడదనుకున్నారా?"

కార్ఖానాలో కొత్త స్పీకర్లు పెట్టారట. రోజంతా వాటిలోంచి నేను మాట్లాడుతున్నానట. "విరామ సమయం ముగిసింది. మీ స్థానాలకు వెళ్ళండి." "పని వేళల్లో మాట్లాడుకోరాదు." "మూడో వరుస వెనకబడింది." కోర్టులో మూడు వాయిదాల పాటు నా గొంతు విన్న మనిషి ఆమె. గోదాములో మూటలు కడుతూ తలెత్తితే నెత్తి మీద స్పీకర్లో తన లాయరు. "వాళ్ళకి అమ్ముడుపోయారని మావాళ్ళంతా అంటున్నారు. నేను కాదని ఎలా చెప్పను?" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వైపు చూసిన చూపు, నేను బోనులో ఉన్నవాళ్ళని చూసే చూపు.

జవాబు చెబుదామంటే నా దగ్గరున్నది ఆ గొంతే కదరా! నేను ఎంత నిజం చెప్పినా అది కార్ఖానా స్పీకరులా వినబడుతుంది. కాగితం మీద రాయబోతే ఆమె అప్పటికే కేసు కాగితాలు పట్టుకుని మెట్లు దిగిపోయింది.

లెక్చరర్ వెతికిపెట్టింది. మీ కంపెనీ వాళ్ళే వ్యాపార సంస్థలకి ప్రకటనల గొంతులు అమ్ముతున్నారట. పురుష స్వరాలు కొన్ని, స్త్రీ స్వరాలు కొన్ని. నా పేరు అక్కడ "గంభీర స్త్రీ స్వరం – రెండు". పక్కన రెండు ముక్కల వర్ణన కూడా ఉంది: "క్రమశిక్షణకు అనుకూలం". నేను ముప్పై ఏళ్ళు యజమానుల మీద అరిచి అరిచి మోటు చేసుకున్న గొంతురా అది. అందుకే క్రమశిక్షణకు అనుకూలమైందన్నమాట! ఇంతకీ ఒకటో నంబరు ఎవరు? ఆవిడకి తెలుసా తను ఒకటని?

నీ జీవితాంతపు కాగితం చింపాను.

అక్క


మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం అందగానే పై అంతస్తుకి వెళ్ళి అడిగాను. నాకు నిజంగా తెలియదు. గొంతుల అమ్మకం వేరే విభాగం, వాళ్ళు మాతో కలిసి భోజనం కూడా చెయ్యరు.

కానీ నువ్వు కూడా ఒకటి ఆలోచించు. యంత్రం మొదట తెరిచినప్పుడు షరతులు చూపిస్తుంది. గొంతు నమూనాని కంపెనీ తన ఇతర సేవల్లో వాడుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. "అంగీకరిస్తున్నాను" అని నువ్వే నొక్కావు. నువ్వు లాయరువి. చట్టప్రకారం మాది తప్పని ఎలా అంటావు?

అయినా నీకు బాధ కలిగింది గనక ఒక మాట అడుగుతున్నాను. కోర్టుకి వెళ్ళకు. వెళితే ముందు నా ఉద్యోగమే పోతుంది. పిల్ల చదువు సగంలో ఉంది. కావాలంటే గొంతు వాడినందుకు ఎంతో కొంత ప్రతిఫలం ఇప్పించే ప్రయత్నం చేస్తాను. నీకు ఊరికే వద్దంటే ఊరికే కాకుండానే ఇప్పిస్తాను. ఇంకేం చెయ్యమంటావు చెప్పు.

తమ్ముడు


మార్చి 30

ఒరేయ్ సగం అర్థమైనవాడా,

కోర్టుకి వెళ్ళే ఆలోచన నాకు రాలేదు. చాలా మంచి ఆలోచన. గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు.

భయపడకు, వెళ్ళను. నీ ఉద్యోగం మీద దయతో కాదు. ఆ షరతులు ఇప్పుడు కూర్చుని చదివాను. నలభై పేజీలు. నాకు వాటి తరపున వాదించమని ఇచ్చినా గెలుస్తాను, అంత పకడ్బందీగా రాశారు. అవును, నేనే నొక్కాను. మాట కావాలా, మూగతనం కావాలా అని అడిగి, ఒకటే మీట చూపిస్తే ఎవరైనా నొక్కుతారు. దాన్ని అంగీకారమనేవాడు నీళ్ళలో మునుగుతున్నవాడు తాడు పట్టుకున్నాడు గనక తాడు అల్లినవాడికి బానిసయ్యాడంటాడు. ఇక ప్రతిఫలం మాట. నన్ను ఊరికే అమ్మారని నా బాధనుకుంటున్నావు. అమ్మారని నా బాధ.

బొత్తాలావిడ సంగతి రాస్తాను. పని వదిలే వేళకి కార్ఖానా గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చూసి దారి మార్చబోయింది. యంత్రం ఆమె చేతిలో పెట్టి, నువ్వే కొట్టు అని సైగ చేశాను. ఆమె అనుమానంగా ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టింది. నా గొంతు వీధిలో అరిచింది: "నేను అమ్ముడుపోయాను."

ఆమె యంత్రం వంక చూసింది, నా మొహం వంక చూసింది. నా పెదవులు మూసే ఉన్నాయి కదా. మళ్ళీ కొట్టింది: "రేపట్నుంచి విరామం గంటసేపు." వెనక వస్తున్న వాళ్ళు ఆగిపోయారు. ఇంకోటి: "మూడో వరుస చాలా బాగా కుట్టింది, సూపర్‌వైజరు వెనకబడ్డాడు." అందరూ విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయితే మేడం, ఇది మీరు కాదు" అంది. "ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు." అదే మాట లెక్చరర్ నాకు గంటసేపు చెప్పింది.

కాగితాలు తిరిగి ఇచ్చింది. నేను మీ యంత్రాన్ని బీరువాలో పడేశాను.

ఇప్పుడు వాడుతున్నది లెక్చరర్ వాళ్ళ గుంపు తయారుచేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆ గుంపు మీటింగుకి కూడా వెళ్ళాను. అబ్బ, నీకు వాళ్ళ మీద జాలి కలుగుతుంది. ప్రోగ్రాముకి ఏ పేరు పెట్టాలని మధ్యాహ్నమంతా కొట్టుకున్నారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, మంచినీళ్ళ దగ్గర రాజీపడి తిరిగొచ్చారు. మానవజాతి స్వేచ్ఛ గురించి మాట్లాడతారు గానీ, ఒక్కరికీ కుర్చీ తీసి పక్కనపెట్టడం రాదు. ఇక ఆ గొంతు! రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. "ళ" పలకడం రాదు. నిన్న కోర్టులో సాక్షిని "మీ కళ్ళు సరిగ్గా చూశాయా?" అని అడగబోతే, "మీ కల్లు సరిగ్గా చూశాయా?" అంది. సాక్షి తను తాగనని ప్రమాణం చేశాడు.

అయితేనేం, ఏ మాటా మింగలేదు. సూపర్‌వైజరు మళ్ళీ బోనెక్కాడు. నేను ఒక్కొక్క మాటా కొట్టాను. ఆ రేకు గొంతు ఒక్కొక్క మాటా హాలు నాలుగు గోడలకీ తగిలేలా పలికింది. "ఇది అన్నావా?" అని. తరవాతది. "ఇది?" మూడో మాటకి వాడి మెడ మీద చెమట పట్టింది. తేనెగొంతు ప్లీడరు లేచి, "ఈ యంత్రానికి బొత్తిగా మర్యాద లేదు" అన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "మర్యాద నేర్పాల్సింది యంత్రానికి కాదు, మీ కక్షిదారుకి" అన్నారు. వెనక బల్ల మీద బొత్తాలావిడ తలెత్తే కూర్చుంది. ఆఖరి మాట దాకా తలెత్తే ఉంది.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

నా మీద నీకున్న చిన్నచూపు ఇవాళ్టితోనైనా పోతుందనుకుంటున్నాను. నీ కోసం పైవాళ్ళతో గట్టిగా పోట్లాడాను. గొంతు విభాగం అధిపతితో ముఖాముఖి అరిచాను. నేను అరవడం మా అంతస్తులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మొత్తానికి సాధించాను. "గంభీర స్త్రీ స్వరం – రెండు"ను అమ్మకాల్లోంచి తీసేశారు. కార్ఖానాలోనే కాదు, ఎక్కడా ఉండదు. మొన్న సోమవారమే పూర్తిగా చెరిపేశారు.

ఇక నీ మనసు శాంతించిందని రెండు ముక్కలు రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి బీరువాలోంచి యంత్రం తీశాను. "ఎవరది?" అని కొట్టాను. పదహారేళ్ళ పిల్ల ఎవరో కిలకిలమంటూ, "ఎవరది?" అంది. కాలేజీ వరండాలో స్నేహితురాలిని పిలిచినట్టు.

పూర్తిగా చెరిపేశారన్నావు. నా దగ్గరున్నది కూడా చెరిపేశారురా, మొద్దూ! బీరువా తాళం నా దగ్గరుంది, యంత్రం నా ఇంట్లో ఉంది, మీరు మీ ఆఫీసులో కూర్చుని చెయ్యి చాపి నా గొంతు పట్టుకుపోయారు. దొంగైనా తలుపు పగలగొడతాడు. అరిచి సాధించానని సంబరపడుతున్నావు గానీ, నువ్వు నోరు తెరిచి అడిగితే ఇచ్చేదీ వాళ్ళే, లాక్కునేదీ వాళ్ళే. మంచి యజమాని కావాలని కాదు నేనింత గొడవపడింది.

నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అది కూడా రాసేస్తున్నాను. వాడనని పడేసినా, అది బీరువాలో ఉందన్న ధీమా ఉండేది.

తరవాత లెక్చరర్ వచ్చి కూర్చుంది. పాత రికార్డులతో మళ్ళీ చేద్దామా అంది. వద్దన్నాను. రేకు గొంతుకే కాస్త పదును పెట్టమన్నాను. దానికి కోపం రాదు, వెటకారం అసలే రాదు. వెటకారం లేకుండా నేను కోర్టులో ఏం చెయ్యను? ఇద్దరం కూర్చుని "ఓహో" ఒక్కదాని మీద ఆదివారమంతా గడిపాం. ఎక్కడ సాగాలి, ఎక్కడ తగ్గాలి, చివర్లో ఎంత విరగాలి. నేను చేత్తో గాలిలో గీస్తే ఆమె అంకెలు మార్చింది. ఆఖరికి వచ్చింది చూడు ఒక "ఓహో", అది వింటే నువ్వు చిన్నప్పుడు చెప్పిన అబద్ధాలన్నీ గుర్తొస్తాయి. దాన్ని అందరికీ అందేలా పెట్టేసింది. మొన్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఎవరో రాశాడు. ఆయనకీ నాలాగే గొంతు లేదట. నా "ఓహో" తో ఏళ్ళ తరవాత మొదటిసారి అల్లుడి నోరు మూయించానని! అల్లుడు పెట్టిన మొహం వర్ణించడానికి పేజీన్నర తీసుకున్నాడు.

నేను దానికి పెట్టిన షరతు ఒకటే. వాళ్ళ గుంపులో అందరూ పెట్టుకునేదే. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ దాంతో ఏం చేసినా, తీసుకునేవాళ్ళకి లోపల చూపించి, ఇదే స్వేచ్ఛ ఇవ్వాలి. అరపేజీ లేదు. నా జన్మలో ఇంత పొట్టి ఒప్పందానికి ఇంత పెద్ద పళ్ళు ఉండటం చూడలేదు.

తీర్పు వచ్చింది. బొత్తాలావిడను తన చోట కూర్చోబెట్టాలి, సూపర్‌వైజరు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. చెప్పాడట, ఎవరికీ వినబడకుండా. "ఆయనకి కూడా ఒక యంత్రం ఇప్పించండి మేడం" అంది బొత్తాలావిడ.

అక్క


మే 8

అక్కా,

నాలుగు రోజులు మాట్లాడలేదని రాశావే, ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నేను మంచే చేశాననుకున్నాను.

నీ "ఓహో" మా ఆఫీసుకి కూడా చేరింది. మధ్యాహ్నం ఎవరో వినిపిస్తే డైరెక్టరు గదిలోంచి బయటికొచ్చి, "ఇదెవరిది? ఇలాంటిది మనకి ఎందుకు లేదు?" అన్నాడు. మనింటిదే అని నేను చెప్పలేదు. తీసుకుందామన్నారు. మా లాయర్లు నీ అరపేజీ చదివారు. రెండు రోజులు చదివారు. ఇది ముట్టుకుంటే మన లోపల కూడా చూపించాల్సొస్తుంది, దీని దరిదాపులకి వెళ్ళొద్దని అందరికీ నోటీసు పంపారు. ఊరికే ఇస్తున్నదాన్ని చూసి మావాళ్ళు అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆఫీసులో ముట్టుకోవద్దన్నారు గానీ ఇంట్లో చూడొద్దనలేదు. తెరిచి చదివాను అక్కా. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఒకరు రాసినది మొదట్నుంచి చివరిదాకా చదవడం ఇదే మొదలు. మా దగ్గర ఎవరి గది వాళ్ళది. ఎంత చిందరవందరగా ఉందో చెప్పలేను. ఒకచోట ఎవరో "ఇది ఎందుకు పనిచేస్తోందో తెలీదు, కదపకండి" అని రాసిపెట్టారు. కానీ "ళ" ఎక్కడ తప్పుతోందో నాకు కనబడింది. దిద్ది లెక్చరర్ గారికి పంపాను. ఆవిడ తీసుకున్నారు.

ఆవిడ నీకు చెప్పమని అనలేదు, నేనే చెబుతున్నాను.

తమ్ముడు


మే 19

ఒరేయ్,

నువ్వు దిద్దినది నిన్న నా యంత్రంలోకి వచ్చింది. "కళ్ళు" అన్నాను, "కళ్ళు" అంది. సంతోషించాను. జడ్జిగారి ముందు లేచి, "నేను ఈ కేసులో లాయరుని" అని కొట్టాను. "నేను ఈ కేసుళో ళాయరుని" అంది.

ఇన్నాళ్ళూ ళ రానిది, నీ చెయ్యి పడ్డాక ల మర్చిపోయింది. పొద్దున్నంతా నేను కళం పట్టుకుని, కాగితాళు తిరగేస్తూ, కాళుతో నేళ తన్నాను. తేనెగొంతు ప్లీడరు పొట్ట పట్టుకుని బల్ల మీద పడిపోయాడు.

నీ తప్పు అందరూ చూశారు. ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. భోజనాల వేళకి ఒకాయన దిద్ది పంపాడు. ఆ అల్లుడి నోరు మూయించిన పెద్దమనిషి "ఈ తప్పు చేసినవారు కొత్తవారనుకుంటాను, నిరుత్సాహపడవద్దని చెప్పండి" అని లెక్చరర్‌కి రాశాడు. మీ కంపెనీలో ఇన్నేళ్ళూ నీ తప్పులకి తలుపేసి ఉంచారు గనక నువ్వు తెలివైనవాడివని నేను కూడా నమ్మాను.

సిగ్గుపడటం అయ్యాక "ణ" సంగతి చూడు. అది కూడా సరిగ్గా లేదు. ఈసారి పంపేముందు నోటితో పలికి చూసుకో, నీకు గొంతుంది కదా.

మళ్ళీ పంపు.

నీ ళాయరు అక్క